నాన్నగారి వీలునామాలో ఎగ్జిక్యూటర్ మార్చడం గురించి

ఒరేయ్,

నీ మెయిల్ చదివా. ఫోన్లో చెప్తే "ఆఁ ఆఁ" అని విని మళ్ళీ మొదటికొస్తావు కాబట్టి రాసే పెడుతున్నా, తీరిక చూసుకుని చదువు, పెద్దదే అయ్యేలా ఉంది.

ముందు ఆ కంగారు తగ్గించుకో. ఎగ్జిక్యూటర్‌గా, అంటే రేపు వీలునామాని అమలు చేసిపెట్టే మనిషిగా, రాసిన ఆయన పోయారు కాబట్టి వీలునామా కూడా పనికిరాకుండా పోయిందా అని అడిగావు చూడు, అలా ఏం కాదు. ఎవరికి ఏం చెందాలో రాసిందంతా అలాగే ఉంటుంది, లేకుండా పోయింది ఆ పని చేసిపెట్టే మనిషి మాత్రమే. మీ నాన్నగారు ఇద్దరి పేర్లు రాశారు కదా, స్నేహితుడు పోయినా బాబాయి ఉన్నారు, ఉన్నాయన ఒక్కరే నడిపించొచ్చు. ఒకవేళ ఇద్దరూ లేకపోయినా కోర్టు ఎవరో ఒకరికి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారం చూసే అధికారపత్రం, ఇచ్చి వీలునామా ప్రకారమే పంచమంటుంది, కాకపోతే దరఖాస్తులు, నోటీసులు, పూచీకత్తు బాండు, అదంతా ఓ పెద్ద తిరుగుడు. ఇప్పుడు బాబాయికి చూపు సరిగ్గా ఆనట్లేదు, పది నిమిషాల క్రితం అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు అంటున్నావు కాబట్టి మార్చుకోవడమే మంచిది, అందులో సందేహం లేదు.

కానీ "ఈ సెలవుల్లో వచ్చి నేనే మార్పించేస్తా" అని రాశావే, నాకు భయమేసింది అక్కడే. మార్చేది నువ్వు కాదురా. వీలునామా ఎవరిదో వాళ్ళే మార్చుకోవాలి, వాళ్ళ బుద్ధితో, వాళ్ళ ఇష్టంతో. నీ దగ్గర నాన్నగారి పవర్ ఆఫ్ అటార్నీ ఉంది నిజమే, దాంతో బ్యాంకు పనులు చూస్తావు, అద్దెలు వసూలు చేస్తావు, వీలునామాలో మాత్రం దాంతో అక్షరం ముక్క కూడా మార్చడం కుదరదు. పైగా ఆయన ఉన్నంతవరకే ఆ పవర్, ఎగ్జిక్యూటర్ పని మొదలయ్యేదే ఆయన పోయాక. రెంటినీ కలిపి గందరగోళపడకు.

ఇంకోటి, నువ్వు ముందుండి నడిపిస్తే రేపు అదే పెద్ద గొడవకి దారి. వీలునామా వల్ల లాభపడే మనిషే లాయర్ని మాట్లాడి, డ్రాఫ్టు రాయించి, పక్కన కూర్చుని సంతకం పెట్టించాడంటే కోర్టు అనుమానంగానే చూస్తుంది, ఆ అనుమానం తీర్చాల్సిన బరువు కూడా వీలునామా పట్టుకొచ్చిన వాళ్ళ మీదే పడుతుంది. 1959లో రిపోర్టయిన వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఇప్పటికీ లాయర్లు ముందు ఎత్తేది ఆ కేసునే. కాబట్టి కారు నువ్వు నడుపు, మెట్లు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకో, తర్వాత బయట బెంచీ మీద కూర్చో. లాయర్ నాన్నగారితో ఒంటరిగా మాట్లాడాలి, అమ్మతో విడిగా మాట్లాడాలి. లాయర్ కూడా వాళ్ళకి తెలిసినాయన అయితే ఇంకా మంచిది.

ఇక నువ్వు పంపిన ఆ వీలునామా ఫోటో. నాన్నగారు బాబాయి పేరు మీద నీలం పెన్నుతో అడ్డంగా గీత కొట్టి పైన సన్నటి అక్షరాలతో అక్క పేరు రాశారు, పక్కన తేదీ కూడా వేశారు పాపం, అంతా పద్ధతిగా చేశాననే అనుకుని ఉంటారు. అది చెల్లదు. మన ఇండియన్ సక్సెషన్ యాక్ట్, 1925లో 71వ సెక్షన్ ఏమంటుందంటే, వీలునామా పూర్తయ్యాక దిద్దుబాటు చేస్తే దానికీ వీలునామాకి చేసినట్టే సంతకం, సాక్షులు అన్నీ ఉండాలి, లేకపోతే ఆ దిద్దుబాటు లేనట్టే. ఇంగ్లండు వాళ్ళ 1837 చట్టంలోనూ ఇదే రూలు. ఇందులో ఓ చిత్రమైన మెలిక ఉంది, కొట్టేసిన మాట ఇంకా చదవడానికి వీలుగా ఉంటే అది ఉన్నట్టే లెక్క, అసలు ఏముందో తెలియకుండా గీకిపారేస్తే మాత్రం ఆ ముక్క పోయినట్టే. అంటే మీ నాన్నగారు ఇంకాస్త కోపంగా గీకి ఉంటే బాబాయి పేరూ పోయేది, అక్క పేరూ నిలిచేది కాదు! ఇప్పటికి ఒక్క గీతే కాబట్టి బాబాయే ఎగ్జిక్యూటర్. ఆ కాగితం మీద ఇంకెవరూ పెన్ను పెట్టకుండా చూడు, పిన్ను కూడా తియ్యకండి, వేరే కాగితం ఏదైనా జత చేసి తీసేశారా అని తర్వాత ఎవరైనా అడిగే అవకాశం ఇవ్వడం దేనికి.

మరి ఎలా మార్చాలి అంటే రెండు దారులు. ఒకటి కోడిసిల్, అంటే ఫలానా తేదీ వీలునామాలో ఎగ్జిక్యూటర్ స్థానంలో ఫలానా వాళ్ళు, మిగతాదంతా అలాగే ఉంటుంది అని చిన్న అనుబంధం. రెండోది పాతవన్నీ రద్దు చేస్తున్నాను అని మొదటి వాక్యంలోనే రాసి కొత్త వీలునామా. చాలామంది చిన్న మార్పే కదా అని కోడిసిల్ అంటారు, నాకైతే కొత్తదే నయమనిపిస్తుంది. కోడిసిల్‌కి కూడా అదే సంతకం, అదే ఇద్దరు సాక్షులు, శ్రమేమీ తగ్గదు, పైగా రెండు కాగితాలు జాగ్రత్త చెయ్యాలి, ఒకటి దొరికి ఇంకోటి దొరక్కపోతే మళ్ళీ బాబాయి దగ్గరికే పోతుంది కథ. ఇంకో సంగతి, కోడిసిల్‌లో "ఆయన బదులు ఈమె" అని అందరికీ కనపడేలా ఉంటుంది, రేపు చదివేటప్పుడు బాబాయి పిల్లలు ఆ లైను చూసి నొచ్చుకుంటారు. కొత్త వీలునామాలో ఆ ప్రస్తావనే ఉండదు. పాతది మాత్రం చించెయ్యనివ్వకు, కొత్తది ఏ కారణం చేతనైనా కోర్టులో నిలబడకపోతే పాతదే దిక్కు. కొత్తదానితో కలిసిపోకుండా వేరే కవర్లో పెట్టించు.

రిజిస్ట్రేషన్ అడిగావు. తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ కూడా లేదు, రిజిస్టరైన పాతదాన్ని రిజిస్టరు కాని కొత్తది కూడా రద్దు చెయ్యగలదు, చివరగా రాసిందే లెక్క. అయినా పాతది రిజిస్టర్ చేసి ఉంది కాబట్టి కొత్తదీ చేయించమనే చెప్తా, నోరున్న బంధువుల వాదన కొంత తగ్గుతుంది.

సాక్షుల దగ్గర మాత్రం మీ నాన్నగారు వాళ్ళ వాకింగ్ ఫ్రెండ్స్‌నే తెస్తానంటారు, వద్దని చెప్పు. కోర్టులో వీలునామా నిరూపించాలంటే సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి అవును నా కళ్ళ ముందే సంతకం పెట్టారు అని చెప్పాలి, వీళ్ళ వయసు వాళ్ళే సాక్షులైతే ఆ రోజుకి ఎవరుంటారు చెప్పు. వయసులో చిన్నవాళ్ళు, ఆస్తిలో వాటా లేనివాళ్ళు, సులువుగా దొరికేవాళ్ళు కావాలి. మన చట్టం ప్రకారం సాక్షులిద్దరూ ఒకేసారి ఉండి తీరాలని లేదు, అయినా అందరూ ఒక గదిలో ఉండగా సంతకాలు అయిపోతే ఏ పేచీ ఉండదు.

అమ్మ సంగతి నాకు కొంచెం బెంగగా ఉంది. ఆవిడది వేరే వీలునామా, నాన్నగారిది మారిస్తే ఆవిడది దానంతట అది మారదు, అందులోనూ బాబాయి పేరే ఉంది కదా. ఈమధ్య మర్చిపోతోంది అన్నావు. మతిమరుపు మొదలైంది కాబట్టి ఇక వీలునామా రాయడం కుదరదు అని ఎవరో అంటే నమ్మకు. ఇంగ్లండులో 1870లో బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో అని ఒక కేసు, వీలునామా రాసినాయనకి దయ్యాలు తనని వెంటాడుతున్నాయని గట్టి భ్రమ, అయినా ఆ భ్రమకీ వీలునామాలో రాసినదానికీ సంబంధం లేదని వీలునామా నిలబెట్టారు. చూసేదేంటంటే, నేను చేస్తున్నది వీలునామా అని తెలుసా, తనకి సుమారుగా ఏమేం ఉన్నాయో తెలుసా, ఎవరెవరికి ఇవ్వాల్సి ఉందో ఎరుక ఉందా, అంతే. నిన్న ఏ వారమో గుర్తులేకపోయినా పర్వాలేదు. కానీ ఆలస్యం చెయ్యొద్దు, మామూలుగా చూసే డాక్టర్నే అడిగి సంతకం రోజు దగ్గర్లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ రాయించుకోండి, ఆవిడ హుషారుగా ఉండే టైమ్ చూసుకుని పెట్టుకోండి. ఆవిడకి అర్థంకావట్లేదని డాక్టర్ అంటే మాత్రం అక్కడితో ఆపెయ్యండి, ఆవిడ వీలునామా ఉన్నట్టే ఉండనివ్వండి, చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించిన కాగితం కన్నా బాబాయి పేరే నయం.

ఇక ఎవరి పేరు పెట్టాలి. నువ్వు, అక్క ఇద్దరూ జాయింట్‌గా అన్నావు. నన్నడిగితే అక్క ఒక్కతే, ఆవిడ చెయ్యలేకపోతేనో ఒప్పుకోకపోతేనో నువ్వు. నువ్వు ఇంకో దేశంలో ఉన్నావు, ప్రతి ఫారం మీదా ఇద్దరి సంతకాలు అడిగితే నీ సంతకం కోసం అన్నీ ఆగిపోతాయి, ఒక లాకరు తెరవడానికి నువ్వు విమానమెక్కాలి. కొడుకు ఉండగా కూతురి పేరా అని మీ నాన్నగారు కొంచెం మొరాయిస్తారు, నాకు తెలుసు ఆయన సంగతి, కానీ ఇది హోదా కాదురా, గుమస్తా పని. బకాయిలు తీర్చాలి, పన్ను లెక్కలు చూడాలి, డిపాజిట్లు విడిపించాలి, కోర్టు ద్వారా వెళ్తే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు అప్పజెప్పాలి. ఓపిక, దగ్గర్లో ఉండటం, కాగితాలు పోగొట్టుకోకపోవడం, ఈ మూడింట్లో నీకు ఒక్కటీ లేదని నీకూ తెలుసు. వాటా ఉన్న మనిషి ఎగ్జిక్యూటర్‌గా ఉండకూడదని ఏం లేదు కాబట్టి అక్కకి ఆ అడ్డు కూడా లేదు.

బాబాయికి ఎలా చెప్పాలి అన్నావు. చట్టం ప్రకారమైతే ఆయన అనుమతీ అక్కర్లేదు, చెప్పాల్సిన పనీ లేదు. కానీ ఇన్నేళ్ళు నమ్మకంగా పెట్టుకున్న మనిషికి వేరేవాళ్ళ నోటి ద్వారా తెలిస్తే బాగోదు. నువ్వు మాత్రం చెప్పకు, ఎంత మెత్తగా చెప్పినా "అన్నయ్య కొడుకు నన్ను తీసేశాడు" అనే వినపడుతుంది. నాన్నగారినే చెప్పనీ, "నీకూ ఓపిక తగ్గింది, ఈ కోర్టు తిరుగుళ్ళు నీకెందుకురా" అని తమ్ముడితో అన్న చెప్తే అది వేరేగా ఉంటుంది. నాకైతే ఆయన లోపల్లోపల సంతోషిస్తారనే అనిపిస్తోంది.

ముందు అక్కని అడుగు, అడక్కుండా పేరు రాసేస్తే రేపు నావల్ల కాదని తప్పుకోవచ్చు, అప్పుడు మళ్ళీ మొదటికే. అడిగేటప్పుడు ఊరికే సరేనా అనకుండా అసలు కాగితాలు ఎక్కడున్నాయో, లాకరు తాళం ఎవరి దగ్గరుందో కూడా మాట్లాడుకోండి. ఆవిడ ఏమందో రాయి, ఒప్పుకుంటే లాయర్ని కలవడానికి ముందు నాన్నగారు దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాల లిస్టు పంపిస్తా.