శాలువా సరే, చార్జీల మాటేంటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ డిసెంబర్, జనవరి వచ్చాయంటే పుస్తకాల సందడే. ఈమధ్య పుస్తక ప్రదర్శనలతో పాటు సాహిత్య ఉత్సవాలు కూడా పెరిగాయి. సంతోషమే. కానీ వేదిక మీద కూర్చునే రచయితకు డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి నిర్వాహకులకు ఎక్కడలేని మొహమాటం పుట్టుకొస్తుంది. అది షామియానా వాళ్ల దగ్గరా, క్యాటరింగ్ వాళ్ల దగ్గరా కనపడదేం?

నేను పార్వతీపురం వైపు ఉండి కథలు రాస్తుంటాను. ఆమధ్య ఒక పెద్ద ఉత్సవానికి పిలిచారు. "మీరు రాకపోతే ఎలా మాస్టారూ! భోజనం, వసతి మేం చూసుకుంటాం" అన్నారు. చార్జీల ఊసు లేదు. మన వైపు రచయితలకు ఆ మాట అడగడానికి నోరు పెగలదని వాళ్లకు బాగా తెలుసు. రాత్రంతా స్లీపర్‌లో వెళ్లాను. ముందు సభకు ముఖ్య అతిథి ఆలస్యంగా రావడంతో మా ముప్పావుగంట సెషన్ ఇరవై నిమిషాలైంది. సమన్వయకర్త నా కథలు చదవలేదు గానీ నా బయోడేటా మాత్రం పూర్తిగా చదివారు. ఆపైన శాలువా, మెమెంటో. మెమెంటో మీద స్పాన్సర్ పేరు నా పేరుకన్నా పెద్దక్షరాల్లో ఉంది, నా ఇంటిపేరులో ఒక వొత్తు ఎగిరిపోయింది. స్టేజీ దిగేసరికి పక్కన మైక్ సెట్ అతను బ్యాలెన్స్ డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు. అతని కష్టానికి అతను తీసుకున్నాడు, తప్పేముంది? నాకు మాత్రం "మీలాంటి వారి రాకే మాకు గౌరవం" అన్న మాట దక్కింది.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. 2024లో కేరళ సాహిత్య అకాడమీ త్రిస్సూర్‌లో నిర్వహించిన అంతర్జాతీయ సాహిత్యోత్సవంలో ప్రముఖ కవి బాలచంద్రన్ చుళ్లిక్కాడ్, మలయాళ మహాకవి కుమారనాశాన్ కావ్యం మీద ప్రసంగించారు. ఎర్నాకుళం నుంచి టాక్సీకి ఆయనకైన ఖర్చు 3,500 రూపాయలు. చేతికిచ్చింది 2,400. తక్కువపడ్డ 1,100 టీవీ సీరియళ్లలో నటించి సంపాదించుకున్న డబ్బులోంచి పెట్టుకున్నానని ఆయన బాహాటంగానే చెప్పారు. పెద్ద దుమారం రేగింది, అకాడమీ అధ్యక్షుడు సచ్చిదానందన్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ 2,400 ఇచ్చినందుకు గొడవైంది. ఇక్కడ సున్నాకి కూడా చప్పట్లే.

ఇవ్వడం చేతకాని పనేం కాదు. ఆకాశవాణి వాళ్లు ప్రసంగానికి పిలిస్తే ముందుగా కాంట్రాక్టు కాగితం పంపేవారు. ఏ రోజు, ఎన్ని నిమిషాలు, ఎంత పారితోషికం, అన్నీ అందులోనే ఉండేవి. కేంద్ర సాహిత్య అకాడమీ సభలకు వెళ్లినవారికీ ప్రయాణ ఖర్చులు, ఎంతో కొంత పారితోషికం ముడతాయి. పెద్ద మొత్తాలేం కావు. కానీ అడుక్కోవాల్సిన పని ఉండదు.

మన జిల్లాల్లో సాహితీ మిత్రులు తలా కాస్త వేసుకుని గ్రంథాలయం హాల్లో పెట్టే సభల గురించి కాదు నా ఫిర్యాదు. అక్కడ టీ, మిరపకాయ బజ్జీ పెడితే చాలు. అవసరమైతే నేనే చందా ఇచ్చి వెళ్తాను. గేటు నుంచి స్టేజీ దాకా స్పాన్సర్ల ఫ్లెక్సీలు కట్టే ఉత్సవాల గురించి, ప్రభుత్వం డబ్బుతో జరిగే వాటి గురించి మాట్లాడుతున్నాను. ప్రవేశం ఉచితం, మా దగ్గర డబ్బెక్కడిది అని వీళ్లు అంటారు. జనానికి ఉచితంగా పెట్టినందుకు మెచ్చుకోవాల్సిందే, కానీ ఆ ఖర్చు రచయిత జేబులోంచి రావాలా?

దీనివల్ల ఎవరు రాలేకపోతున్నారో కూడా చూడండి. నాకు పెన్షన్ వస్తుంది, ఒక ప్రయాణం ఖర్చు భరించగలను. మా ప్రాంతంలో మంచి కవిత్వం రాసే ఒకమ్మాయి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఉత్సవానికి వెళ్తే రెండు రోజుల జీతం కోత, రానూపోనూ చార్జీలు, రాత్రి ప్రయాణానికి తోడు వచ్చే అన్నయ్య టికెట్. పిలుపు వచ్చినా "ఒంట్లో బాగాలేదండీ" అని చెప్పి మానుకుంది. చివరికి స్టేజీల మీద రిటైరైన మాలాంటివాళ్లం, ప్రభుత్వోద్యోగులం, సొంత కారున్నవాళ్లం మిగులుతాం. కొత్త గొంతులు వినపడటం లేదని మేమే మళ్లీ చర్చ పెడతాం!

కాబట్టి రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు నా విన్నపం ఒకటే. ప్రభుత్వ సాయం తీసుకునే ఏ ఉత్సవమైనా ఆహ్వాన పత్రంలోనే చార్జీలు ఎంత, పారితోషికం ఎంత, ఎప్పుడిస్తారు అన్నది రాయాలని షరతు పెట్టండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని రాయమనండి, రావాలో వద్దో మేం తేల్చుకుంటాం. శాలువాలు తగ్గించినా మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక కథా రచయిత,
పార్వతీపురం