చేపపిల్లలను చంపింది ఎండ కాదు

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా చెరువు వార్త వేశారు. ఎండ వేడికి చేపపిల్లలు చచ్చిపోయాయని అధికారులు చెప్తే అదే రాసుకున్నారు, ఒడ్డునే ఉన్న మా సొసైటీ వాళ్లను ఒక్క మాట అడగలేదు. అదే చెరువులో పోయినేడు వదిలిన బొచ్చె, శీలావతి చేపలు నిక్షేపంగా ఉన్నాయి. మరి వాటికి తగలని ఎండ వీటికెలా తగిలింది? ఈ చేపలు 25 నుంచి 32 డిగ్రీల నీళ్లలో బాగా పెరుగుతాయి, మెల్లగా వేడెక్కితే ఇంకొంచెం ఎక్కువైనా ఓర్చుకుంటాయి. ఒక్కసారిగా వచ్చే మార్పునే తట్టుకోలేవు.

వదిలిన రోజు సీడ్, అంటే చేపపిల్లలు, డెల్టాలోని కైకలూరు వైపు నుంచి రాత్రంతా లారీలో ఆక్సిజన్ సంచుల్లో వచ్చింది. పొద్దున్నే వదలాల్సింది పోయి, పెద్దమనుషులు రావాలి ఫొటోలు తీయాలి అని మధ్యాహ్నం దాకా ఆపి, వాళ్లు రాగానే సంచులు కోసి కుమ్మరించేశారు. సంచిలో నీళ్ల వేడి వేరు, ఆ టైంలో చెరువు పైనీళ్ల వేడి వేరు. ముందు సంచులను కట్టు విప్పకుండా అరగంట చెరువులో తేలనివ్వాలి, తర్వాత చెరువు నీళ్లు కొద్దికొద్దిగా సంచిలో కలపాలి, ఆపైన పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోవాలి. పైసా ఖర్చు లేని పని ఇది. మేం మొత్తుకున్నా వినలేదు.

ఉప్పు సంగతి ఇంకా అన్యాయం. మా దగ్గర వానలు తక్కువ, ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి గానీ వాటిలోని ఉప్పు చెరువులోనే మిగులుతుంది, ఏటికేడు ఎక్కువవుతుంది. లోపల పెరిగిన చేప దానికి మెల్లగా అలవాటు పడుతుంది. డెల్టా కాలువ నీళ్లలో పుట్టిన పిల్లను తెచ్చి ఒక్కసారిగా ఇందులో పడేస్తే ఒంట్లో ఉప్పు సరిచూసుకోవడానికే దాని ఓపికంతా అయిపోతుంది. తిలాపియా చేప అయితే కొంత తట్టుకుంటుంది, వనామీ రొయ్య సముద్రపు ఉప్పులోనూ చప్పటి నీళ్లకు దగ్గరగా ఉన్నవాటిలోనూ బతుకుతుంది, బొచ్చెకు అంత శక్తి లేదు. సీడ్ వదిలే ముందు నీళ్లు పరీక్ష చేయండని అర్జీ ఇచ్చాం, జవాబే లేదు. వేరుశనగ వేసే రైతుకు మట్టి పరీక్ష ఉంది, చేపల చెరువుకు నీటి పరీక్ష ఎందుకు ఉండదు?

ఎండాకాలం నిజంగా భయపడాల్సింది ఆక్సిజన్ గురించి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర ఏడున్నరే పడుతుంది, చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. అందుకే తెల్లారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అది చెప్పడానికి ఇటువైపు వచ్చిన అధికారి ఒక్కరూ లేరు. మొక్కలు నాటినా చేపలు వదిలినా ఫొటో పడితే పని అయిపోయినట్టే, అవి బతికాయా లేదా అని మళ్లీ వచ్చి చూసేవాళ్లు లేరు.

లీజు డబ్బు మేం కట్టేశాం. మాకు మళ్లీ సీడ్ ఇవ్వాలి, ఈసారి పొద్దున్నే మా ముందు నీళ్లు కలిపి వదలాలి. మీరు కూడా ఆ వార్తను సరిదిద్ది వేయండి.

— మత్స్యకార సొసైటీ సభ్యుడు, అనంతపురం జిల్లా