చీమ పేరుతో ఆడిన ఎనిమిదో నంబరు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి ఫుట్‌బాల్ ఆడుతుంది. మిడ్‌ఫీల్డ్‌లో, అంటే గ్రౌండ్ మధ్యభాగంలో. మ్యాచ్ అయి ఇంటికి రాగానే మా చెల్లెలు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "ఎన్ని గోల్స్ వేశావే?" "వెయ్యలేదు పిన్నీ" అంటుంది ఇది. "పోన్లే, ఈసారి వేద్దువుగానీ" అని అటునుంచి ఓదార్పు. ఆ రోజు అవతలి జట్టు పాసులు ఇది ఎన్ని తెంపిందో, తన వెనక ఖాళీ అయిన చోటికి ఎన్నిసార్లు పరుగెత్తిందో గ్రౌండ్ పక్కన కూర్చుని చూసిన నాకు తెలుసు. కానీ దాన్ని ఫోన్‌లో ఒక్క మాటలో ఎలా చెప్పాలో నాకూ తెలీదు, దానికీ తెలీదు. బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ ఫొర్మిగా గురించి ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

2021 నవంబర్ 26 ఉదయం మన దేశపు మహిళల జట్టు బ్రెజిల్‌తో ఆడింది. మ్యాచ్ జరిగిన మనౌస్ నగరంలో అప్పటికి ఇంకా 25వ తేదీ రాత్రే. నేనూ మా అమ్మాయీ నిద్రకళ్లతోనే టీవీ ముందు కూర్చున్నాం. మొదటి నిమిషంలోనే బ్రెజిల్ గోల్ వేసింది. ఎనిమిదో నిమిషంలో మన మనీషా కల్యాణ్ స్కోరు సమం చేసింది. ఆ అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. చివరికి 6-1తో ఓడిపోయాం. తర్వాత నేను చదివిన వార్తల్లో స్కోరు ఉంది, మనీషా గోల్ ఉంది. ఉండాల్సిందే. కానీ ఆట చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన 43 ఏళ్ల మనిషి గురించి ఒక్క ముక్క కూడా నాకు కనబడలేదు. ఆమె ఫొర్మిగా. బ్రెజిల్ తరఫున ఆమెకి అదే ఆఖరి మ్యాచ్. 26 ఏళ్ల ఆటకి వీడ్కోలు మన పిల్లల ఎదురుగా జరిగింది.

ఆమె అసలు పేరు మిరైల్డెస్ మసియెల్ మోటా. ఫొర్మిగా అంటే పోర్చుగీసులో చీమ. గ్రౌండంతా తిరుగుతూ అందరికోసం పనిచేస్తుందని చిన్నప్పుడే అంటించిన పేరు. 1978 మార్చిలో బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో పుట్టింది. అప్పటికి బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం చట్టప్రకారం తప్పు. 1941లో పెట్టిన ఆ నిషేధాన్ని 1979లో గానీ ఎత్తెయ్యలేదు. అంటే తన దేశంలో ఈ ఆట ఆడే హక్కు ఆమెకన్నా ఏడాది చిన్నది! తండ్రి ఆమె పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయాడు, తల్లే పెంచింది. మగపిల్లలతో ఆడుతోందని అన్నదమ్ములు ఒప్పుకునేవారు కాదు. అక్కణ్ణించి బయల్దేరి 17 ఏళ్లకే, 1995లో, స్వీడన్‌లో ప్రపంచ కప్పుకి వెళ్లింది.

ఆ తర్వాత 2019 దాకా వరుసగా ఏడు ప్రపంచ కప్పులు. మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ ఆమెకన్నా ముందు ఎవరూ ఏడు ఆడలేదు. ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్ మొదలైంది 1996లో అట్లాంటాలో. అప్పట్నుంచి టోక్యో దాకా ఒక్కటీ వదలకుండా ఏడు ఒలింపిక్స్. మధ్యలో 2016 చివర జాతీయ జట్టు నుంచి తప్పుకుంది కూడా. జట్టుకి అవసరమై పిలిస్తే 2018లో మళ్లీ వచ్చింది. 38 దాటాక ఫ్రాన్స్‌లోని పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బులో చేరి నాలుగేళ్లకు పైగా ఆడింది. 14 ఏళ్లు వరుసగా లియోన్ అనే క్లబ్బు చేతిలోనే ఉన్న ఫ్రెంచ్ లీగ్ టైటిల్‌ని 2021లో పారిస్ సెయింట్ జెర్మెయిన్ గెలుచుకుంది.

ఆమె గోల్స్ వెయ్యలేదని కాదు. 2015 ప్రపంచ కప్పులో, మాంట్రియల్‌లో దక్షిణ కొరియా మీద వేసిన గోల్ మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. కొరియా డిఫెండర్ తన కీపర్‌కి బంతి వెనక్కి ఇస్తుంది. ఆ పాస్‌లో బలం లేదు. అది ఆగిపోతుందని అందరికంటే ముందు కనిపెట్టింది ఫొర్మిగా. మధ్యలోకి దూరి, బంతి అందుకుని, కీపర్‌ని దాటించేసింది. అప్పటికి ఆమెకి 37 ఏళ్లు. మహిళల ప్రపంచ కప్పులో అంత వయసులో గోల్ వేసినవాళ్లు లేరు. మా అమ్మాయి మాత్రం ప్రతిసారీ ఆ గోల్‌కి ముందు ఆపి చూపిస్తుంది: "అమ్మా, బంతిని కాదు, ఆమె నిలబడ్డ చోటు చూడు." నాకు ఆట చూడటం నేర్పింది ఈ మాటే.

చీమలు పెట్టిన పుట్టలు పాములకు ఇరవు అని మనకో మాట ఉంది. గోల్ వేసినవాళ్లని నేను పాములనను, వాళ్ల కష్టం వాళ్లది. పుట్ట ఎవరు పెట్టారో కూడా చెప్పమనే నా గోల. ఫొర్మిగాకి పెద్ద కప్పులు చిక్కలేదు. 2004, 2008 ఒలింపిక్ ఫైనల్స్ రెండూ ఎక్స్‌ట్రా టైమ్‌లో అమెరికా చేతిలో పోయాయి. 2007 ప్రపంచ కప్పు ఫైనల్ జర్మనీకి పోయింది. అన్ని ఓటముల తర్వాత కూడా మర్నాడు ప్రాక్టీసుకి వెళ్లే మనసు ఎక్కణ్ణించి వస్తుందో నాకు తెలుసుకోవాలనుంది. రాయాల్సింది అది కదండీ.

2019 ప్రపంచ కప్పులో ఫ్రాన్స్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టిన రోజు ఫొర్మిగా జట్టులోని మార్తా కెమెరా ముందు నిలబడి దేశంలోని ఆడపిల్లలతో మాట్లాడింది. ఎప్పటికీ ఒక ఫొర్మిగా ఉండదు, ఒక మార్తా ఉండదు, ఒక క్రిస్తియానీ ఉండదు, ఇక మీరే రావాలి అని. ప్రపంచ కప్పుల్లో 17 గోల్స్ వేసిన మనిషి ఆమె. అయినా మొదట చెప్పింది ఫొర్మిగా పేరు, తన పేరు రెండోది.

2027లో మహిళల ప్రపంచ కప్పు బ్రెజిల్‌లోనే జరగబోతోంది. అప్పుడు మీ స్పోర్ట్స్ పేజీలో మ్యాచ్ వార్తలు వేస్తారు. ప్రతి వార్త కింద, గోల్స్ వేసిన పేర్ల తర్వాత, ఆ రోజు మిడ్‌ఫీల్డ్ ఎవరు మోశారో ఒక్క వాక్యం రాయించండి. టోర్నీ మొదలయ్యే ముందు ఫొర్మిగా మీద ఒక పూర్తి పేజీ ఇవ్వండి, ఎనిమిదో నంబరు జెర్సీలో ఉన్న ఫొటోతో. ఆ పేజీ కత్తిరించి దాచుకుంటాను. ఈసారి వాళ్ల పిన్ని ఫోన్ చేసినప్పుడు మా అమ్మాయి అది చదివి వినిపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక మిడ్‌ఫీల్డర్ తల్లి