విచారణ (పారిష్) సంఘం వార్షిక నివేదిక: మన చర్చి గంటగోపురం పనులు, మన గంటల చరిత్ర

గౌరవనీయులైన విచారణ గురువులకు, సంఘ సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడు సంఘం పనిలో ఎక్కువ భాగం గంటగోపురం మీదే గడిచింది. పోయిన సర్వసభ్య సమావేశంలో "పెద్దగంట ముసలిదైపోయింది, అమ్మేసి మైకులో రికార్డు గంట పెట్టుకుందాం" అన్న మాట వచ్చిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. కంచుకు ముసలితనం లేదు. గంటను పాడుచేసేవి నాలుక (లోపల వేలాడుతూ గంటకు తగిలే ఇనుప కాడ), బోల్టులు, తాడు పట్టిన చెయ్యి. మన పెద్దగంటకు ఈ మూడింటి దెబ్బా తగిలింది.

గోపురంలో ఉన్నవి రెండు గంటలు. వీటికి ముందు మన గుడికీ, చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో ఇప్పటికీ ఉన్నట్టే, చెట్టుకు కట్టిన రైలుపట్టా ముక్కే గంట. నౌపడా నుంచి పర్లాకిమిడికి లైటు రైల్వే 1900లోనే వచ్చింది, పట్టా ముక్కలకేం కొదవ! గంటల పాత కాగితాల కోసం వెతికేవారు ఒక్కచోట చూస్తే సరిపోదు. 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రాన్సు దేశపు ఆనెసీ గురువుల కాలంలో ఈ ప్రాంతం విశాఖ కింద ఉండేది. 1928లో కటక్ మిషను వేరుపడింది, 1974లో బరంపురం మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడింది. ఈ మధ్యలో 1936 ఏప్రిల్ 1న మనం మద్రాసు ప్రెసిడెన్సీ వదిలి ఒడిశాలోకి వచ్చాం. కాగితాలు కూడా అన్ని చోట్లకూ చెదిరాయి.

చిన్నగంట పోత ఉక్కుది. జర్మనీలోని బోఖుమ్‌లో 1850ల నాటికే ఉక్కు గంటలు పోసేవారు, కంచు కన్నా చవక. అయితే ఒకే స్వరం పలకాలంటే ఉక్కు గంట కంచుదానికన్నా పెద్దదిగా ఉండాలి, మోత కూడా త్వరగా ఆగిపోతుంది. తుప్పు గీకి, లోపలా బయటా పలచగా రెడాక్సైడ్ ఒక్క పూత వేశాం. అంతకు మించి దానికి చెయ్యాల్సిందేమీ లేదు.

పెద్దగంట సంగతి వేరు. గంటల కంచులో నూటికి దాదాపు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. మన వైపు కంచరులు కంచాలకు వాడేదీ ఇంచుమించు ఈ పాళ్ళ లోహమే. కంచాన్ని ఎర్రగా కాల్చి సాగగొట్టి నీళ్ళలో ముంచుతారు. గంటను పోసి, మూసలోనే నెమ్మదిగా చల్లారనిస్తారు. తగరం ఎక్కువ కాబట్టే ఆ మోత, అందుకే పెళుసు కూడా. మూతి దగ్గర వ్యాసం రెండడుగులు. ఆ కొలత గంట సుమారు 150 కిలోలు తూగుతుంది. నాలుక తగిలే మందపాటి అంచు వ్యాసంలో దాదాపు పదమూడో వంతు, అంటే నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి. కొలిచి చూస్తే నాలుక తగిలే రెండు చోట్లా 4 మిల్లీమీటర్లు అరిగి పళ్ళెంలా గుంటపడింది. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లే పరీక్షలో ఎక్కడా ఎర్రగీత తేలలేదు, కాబట్టి పగులు లేదు. ఉండి ఉంటే కథ వేరు. మామూలు గ్యాసు వెల్డింగుతో పగిలిన గంటను అతికిస్తే పక్కనే కొత్త పగులు పుడుతుంది. గంట మొత్తాన్ని కొలిమిలో కాల్చి, వేడి తగ్గకుండా అతికి, మెల్లగా చల్లార్చగలిగినవాళ్ళే ఆ పని చెయ్యాలి.

దోషం నాలుకది. ఎప్పుడో ఒక వర్క్‌షాపులో లారీ యాక్సిల్ ముక్కతో చేయించారు. గట్టి ఉక్కు, పైగా బరువు తొమ్మిది కిలోల పైన. నాలుక గంటకన్నా మెత్తగా ఉండాలి, అరిగితే అదే అరగాలి. మెత్తని ఇనుముతో ఆరు కిలోల నాలుక కొత్తగా చేయించాం. నాలుక చివరి ఉండకు సుద్ద రాసి ఒక్కసారి మోగిస్తే, గుర్తు మందపాటి పట్టీ నడిమధ్య పడాలి. మొదటిసారి వేలెడు కిందికి, పలచని పెదవి మీద పడింది. అక్కడ తగిలితే అంచు పెచ్చులూడుతుంది. కాడ పొట్టి చేయించాక సరిపోయింది.

అసలు ప్రమాదం పైన దాగి ఉంది. నాలుక వేలాడే ఇనుప కొక్కెం పోతలోనే ఇరికించినది. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, ఉబ్బి కిరీటాన్ని, అంటే గంట నెత్తిని, లోపలినుంచి చీలుస్తుంది. చాలా పాత గంటలు నెత్తిన పగిలేది ఇందుకే. కొక్కేన్ని నిదానంగా తొలిచి తీసేసి, నెత్తి నడిమధ్య గుండా దూరే బోల్టుకు నాలుక వేలాడేటట్టు మార్చాం. ఇప్పుడు నాలుక గంటతో నిమిత్తం లేకుండా తిరుగుతుంది, కాబట్టి గంటను పావు తిప్పడం వీలైంది. దూలానికి అర టన్ను చైన్ బ్లాక్ కట్టి, కింద దుంగలు పేర్చి, తలకొయ్య (గంటను బిగించిన పై దుంగ) బోల్టులు నాలుగూ వదులు చేసి, అంగుళం ఎత్తి 90 డిగ్రీలు తిప్పాం. రంధ్రాలు చతురస్రంగా ఉండడంతో మళ్ళీ అవే కుదిరాయి. ఇప్పుడు నాలుక తగిలేది అరగని లోహం మీద.

ఇలా తిప్పడం కొత్తేమీ కాదు. లండన్ బిగ్‌బెన్ 1859లో పగిలినప్పుడు సుత్తి మరీ బరువని పోతవారు వాదించారు. తేలిక సుత్తి పెట్టి, దెబ్బ వేరే చోట పడేలా గంటను కొంత తిప్పారు. ఆ పగులుతోనే అది నేటికీ మోగుతోంది.

ఇక తాడు. క్రిస్మస్ రాత్రి కుర్రాళ్ళు నాలుకకే తాడు కట్టి లాగడం ఇక కుదరదు. గంట ఊగితే నాలుక తగిలి వెనక్కి పోతుంది. నాలుకనే లాగితే అది గంటకు అదిమిపెట్టుకుని ఉండిపోతుంది, ఆ అదుముకే అంచు పగులుతుంది. నైలాను తాడు సాగి చేతిలోంచి జారుతుంది. నూలుతాడు వానకు తడిసి పొట్టిదవుతుంది కనుక జూన్‌లో జానెడు వదులు పెట్టాలి. తలకొయ్య సాల చెక్క, ఎండాకాలం ఆరి కుదించుకుంటే నట్లు వదులవుతాయి. మే నెల మొదట్లోనే బిగించాలి. తిత్లీ తుఫాను (2018) తర్వాత గోపురం రేకులు చూసుకున్నామే గాని ఈ నట్లు ఎవరూ చూడలేదు.

పండక్కి గంటను చింతపండు పెట్టి తోమకండి, వెండిరంగు పెయింటు అసలే వద్దు. ఆకుపచ్చ పొర కంచును కాపాడుతుంది. పులుపుతో దాన్ని తీసేస్తూ పోతే అక్షరాలూ అరిగిపోతాయి, పెయింటు మోతను మొద్దుబారుస్తుంది. పావురాల రెట్ట ఇనుప భాగాలను తింటుంది, కిటికీలకు జాలీ బిగించాం. గోపురం పైన పెద్ద తేనెపట్టు ఉన్నన్నాళ్ళు గంట మోగించరాదు. కొండతేనె తీసేవాళ్ళని పిలిపించి పట్టు దింపించాకే తాడు ముట్టండి. ఉరుముతున్నప్పుడు కూడా వద్దు. గంట కొడితే పిడుగు పోతుందని యూరపులో నమ్మి, తడితాడు పట్టుకుని ఎందరో చనిపోయారు. పిడుగు కడ్డీ భూమి తీగ నిరోధం 10 ఓములు దాటకుండా ఏటా వానలకు ముందు కొలిపించాలి.

మోత క్రమం పాతదే. త్రికాల జపానికి (పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేసే మరియమాత ప్రార్థనకు) మూడు చొప్పున మూడుసార్లు, ఆపైన వరసగా తొమ్మిది. పవిత్ర గురువారం పూజలో మహిమా గీతం (గ్లోరియా) తర్వాత, ఈస్టర్ ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో మహిమా గీతం దాకా రెండు గంటలూ మౌనం, చెక్కతట్టు మాత్రమే. మైకు గంట పెట్టాలనేవారికి సంఘం మాట ఇదే: కరెంటు పోతే అది మూగబోతుంది, తాడు అలా కాదు.

సమాధుల తోట నవంబరు 2కు ముందే శుభ్రం చేయించాం. ఆదివారం తెలుగు, ఒడియా పూజల వేళలు మారలేదు. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

గోపురం తాళంచెవి ఉపదేశి (మతబోధకుడు) గారి దగ్గరే ఉంటుంది. మరణ గంట కొట్టించాలనుకునే ఇంటివారు ముందు ఆయనకే కబురు పెట్టాలి. గంట మోగించే పని నేర్చుకోదలచిన పద్దెనిమిదేళ్ళు నిండినవారు ఈ నెలాఖరులోగా ఆయన దగ్గర పేర్లు రాయించుకోండి.