మా తాండ్ర ఇక ఆన్‌లైన్ సైట్లో ఉండదు

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా మామిడి తాండ్ర ఆ పెద్ద ఆన్‌లైన్ సైట్లో దొరకదు. "చిత్తూరులో యూనిట్ మూసేస్తున్నారా అక్కా?" అని అప్పుడే ఫోన్లు. మూయడం లేదు, అక్కడ అమ్మడం మానేస్తున్నాం, అంతే.

లెక్కలో దాచేదేముంది! సైట్లో అరకిలో ప్యాకెట్ 250 రూపాయలు. కమీషను, పంపే ఖర్చు, ఫిక్స్‌డ్ ఫీజు, వాటి మీద 18 శాతం జీఎస్టీ పోగా మా చేతికొచ్చేది 130కి అటూ ఇటూ. బెల్లం, గ్యాసు, కూలి, ప్యాకింగు అన్నీ అందులోనే. ఆ ప్యాకెట్‌కి పట్టే మూడు కిలోల తోతాపురి మామిడికి రైతుకి దక్కేది కిలో 12 చొప్పున 36 రూపాయలు. చెట్టు పెంచినాయన కంటే ఫోన్లో బొమ్మ చూపించినవాడికి మూడింతలు పైనే. ఆ బొమ్మ ముందు కనిపించాలన్నా ప్రకటనకి వేరే కట్టాలి. కట్టకపోతే మూడో పేజీకి తోసేస్తారు. ప్యాకెట్ విప్పి "నల్లగా ఉంది" అని వెనక్కి పంపితే రానూపోనూ ఖర్చు మాదే. (బెల్లం వేసిన తాండ్ర నల్లగాక ఇంకెలా ఉంటుందో!) అన్నిటికంటే కడుపు మండేది, ఏళ్ళుగా కొంటున్నవాళ్ళ ఫోన్ నంబరు కూడా మాకివ్వరు.

ఆ 12 రూపాయలు 2025లో ప్రభుత్వం చెప్పిన ధర. తోతాపురి విరగకాసి, గుజ్జు ఫ్యాక్టరీలు కొనక, కాయ రోడ్డు మీద పారబోసిన సీజన్ అది. ఫ్యాక్టరీ 8, సర్కారు 4 ఇవ్వాలన్నారు. ఆ 8 కూడా అందని రైతులు ఎందరో. అదే ఏడాది విశాఖలో సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్‌కి ప్రభుత్వం 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చింది. అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లట, దానికీ రాయితీలు. కంపెనీలు రావద్దని నేననను, మా అక్క కొడుకూ కంప్యూటరే చదువుతున్నాడు. కానీ డేటా సెంటర్లో యంత్రాలెక్కువ, మనుషులు తక్కువ. మాలాంటి వాళ్ళం గుజ్జు నిలవ పెట్టుకునే చోటు అడిగితే మాత్రం "లోన్ తీసుకోమ్మా" అంటారు.

ఇలాంటి సైట్లు నడిపే పెద్ద డిజిటల్ కంపెనీలకి ముకుతాడు వేసే కేంద్రం బిల్లు ముసాయిదా 2024 మార్చిలోనే బయటికొచ్చింది. అది చట్టమయ్యేదాకా కూర్చుంటే మా పొయ్యి వెలగదు.

అమ్మకాలు తగ్గుతాయి, తెలుసు. హైదరాబాదు, బెంగళూరు వాళ్ళు మాకు ఆ సైట్ వల్లే దొరికారు, కాదనను. ఈ మెసేజ్ పెడుతున్న వాట్సాప్ కూడా మెటా వాళ్ళదే, అదీ కాదనను. అందుకే మీ పేరు, ఊరు, నంబరు పంపండి, నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాం.

నేరుగా కొంటే అరకిలో 190, పంపే ఖర్చు అదనం. ఆర్టీసీ కార్గోలో వేస్తే తక్కువ పడుతుంది, బస్టాండ్‌కి వచ్చి మీరే తీసుకోవాలి. ఈసారి రైతుకి కిలోకి 14 ఇస్తున్నాం. కొత్త తాండ్ర జూలైలో. చాపల మీద పొర పోసి, ఎండనిచ్చి, మళ్ళీ పొర పోసేది కనుక వాన పట్టుకుంటే వారం అటూ ఇటూ అవుతుంది.