నవ్వుకోడానికి జూదం గుమ్మం తొక్కాలా?

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మాది పాలకొల్లు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. సంక్రాంతి పండగ దగ్గరకొచ్చేస్తోంది కదండీ, ఇంక రేపో ఎల్లుండో మీ జిల్లా పేజీ నిండా కోడిపందేల బరులు, గుండాట జూదాలు, పోలీసుల హెచ్చరికలు ఇవే ఉంటాయి, ఆ హడావుడి మొదలవకముందే నా మాట ఒకటి అచ్చులో పడితే బాగుండునని రాస్తున్నాను.

నేను మొన్ననే అమెరికా నుంచి వచ్చేను. మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్ళో ఉంటారు, మనవాళ్ళు బోలెడుమంది ఉన్న ఊరు, గోంగూర కూడా దొరుకుద్ది. ఆరు నెల్లున్నాను. వచ్చే ముందు అల్లుడుగారు, అత్తయ్యగారూ మీకు నవ్వడం ఇష్టం కదా ఒక మంచి స్టాండప్ కామెడీ షో ఉంది, ఒక్కడే మైకు ముందు నిలబడి నవ్విస్తాడు, తీసుకెళ్తాను అన్నారు. సరే అన్నాను. కార్లో కూర్చున్నాక తెలిసింది అది అట్లాంటిక్ సిటీలో, ఒక కేసినో రిసార్ట్ లోపల అని, అంటే జూదశాల ఉన్న పెద్ద హోటలన్నమాట. నాకు కాళ్ళు చల్లబడ్డాయండి. వెనక్కి తిప్పెయ్యండి బాబూ అన్నాను. మా అమ్మాయికి కారణం తెలుసు కాబట్టి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, అమ్మా మనం ఆడటానికి వెళ్ళట్లేదే అని.

కారణం ఏంటంటే మా నాన్నగారు. ఆయన చాలా మంచి మనిషి, మమ్మల్ని ఒక్కనాడు చెయ్యి చేసుకుని ఎరగరు, కానీ పేకాట. కొబ్బరి తోట ఎకరం పది సెంట్లు ఆ ముక్కల్లోనే పోయింది. గెలిచిన రాత్రి వీధి చివరే సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పకోడీల పొట్లం తెచ్చేవారు, మమ్మల్ని నిద్ర లేపి మరీ పెట్టేవారు. ఓడిన రాత్రి బెల్లుండేది కాదు. సైకిల్ స్టాండు చప్పుడవకుండా కాలితో మెల్లిగా దించేవారు, కిర్రుమని చిన్న శబ్దం వచ్చేది అంతే, మా అమ్మ చీకట్లో కళ్ళు తెరుచుకుని ఆ శబ్దం కోసమే పడుకుని ఉండేది. నాకు డెబ్భై దగ్గరపడుతున్నా సైకిల్ స్టాండు శబ్దం వింటే ఇప్పటికీ కడుపులో తిప్పుద్ది.

సరే, వెళ్ళేం. రెండు గంటల దారి. సముద్రం ఒడ్డునే ఊరు, ఒడ్డు పొడుగునా చెక్కలతో వేసిన నడక దారి, 1870లో మొదలెట్టారట. మా మనవడు ఆడుకునే మోనోపలీ బోర్డు మీద వీధుల పేర్లు దాదాపు అన్నీ ఈ ఊరివేనని అల్లుడుగారు చెప్పేరు. ఆ మనవణ్ణి మాత్రం పక్కింటివాళ్ళ దగ్గర వదిలేసి రావాల్సొచ్చింది, అక్కడ 21 ఏళ్ళు నిండనివాళ్ళు ఆట దగ్గరికి వెళ్ళకూడదు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇక్కడే ఉందండి. కార్ పార్కింగ్ నుంచి షో హాలుకి వెళ్ళాలంటే ఆ కేసినో మధ్యలోంచే నడవాలి. ఎంత పెద్ద హాలంటే మన మార్కెట్ యార్డులు నాలుగు పడతాయి. కిటికీ లేదు. గోడ గడియారం కోసం చూసేను, ఎక్కడా లేదు. కింద సుడులు సుడులుగా డిజైన్ ఉన్న కార్పెట్టు, చుట్టూ వందల మెషీన్లు, ఒక్కోటి ఒక్కో పాట, ఎవరో ఒకరికి ఎప్పుడూ గంటలు మోగుతున్నట్టే ఉంటాయి. ఒకావిడ, నా వయసే ఉంటుంది, తెల్ల జుట్టు, శుభ్రమైన స్వెట్టరు, మెషీన్ ముందు కూర్చుని ఉంది. ఆవిడ బట్టలకి ఒక క్లిప్పు, క్లిప్పుకి స్ప్రింగులా చుట్టలు తిరిగిన తాడు, తాడు చివర కార్డు, ఆ కార్డు మెషీన్లో దూర్చి ఉంది. ఎంత పోగొట్టారో ఎంత వచ్చిందో లెక్క ఆ కార్డులో పడుద్దట. నాకు మాత్రం గుంజకి కట్టేసిన పెయ్యని చూసినట్టనిపించింది. ఆవిడ నా వైపు చూసి చక్కగా నవ్వింది కూడా, మళ్ళీ తల తిప్పుకుని బటన్ నొక్కుకుంటూ కూర్చుంది. ఆవిడ ఇంటి దగ్గర ఆవిడ కోసం ఎవరన్నా మెలకువగా ఉన్నారేమో అనుకుంటూ నడిచేను.

హాలు గుమ్మం దగ్గర ఫోన్లు తీసుకుని చిన్న బూడిదరంగు గుడ్డ సంచీల్లో పెట్టి తాళం వేసి మళ్ళీ మన చేతికే ఇచ్చేరు, షో అయ్యాక బయట తీయించుకోవాలి. ఎంత మంచి పద్ధతండీ అది! లోపల ఒక్క మొహం మీద కూడా ఫోన్ లైటు లేదు, అందరూ స్టేజీ వైపే చూస్తున్నారు. స్టేజీ మీద ఒక మైకు, ఒక స్టూలు, స్టూలు మీద ఒక నీళ్ళ బాటిలు, అంతే. సెట్టింగు లేదు, ఆర్కెస్ట్రా లేదు, డాన్సర్లు లేరు.

వచ్చినబ్బాయి గుజరాతీ వాళ్ళబ్బాయి, అక్కడే పుట్టి పెరిగినవాడు. ఇంగ్లీషు నాకు చదివితే బాగానే అర్థమవుద్ది గానీ అంత స్పీడుగా మాట్లాడితే కష్టం, మొదటి పావుగంట మా అమ్మాయి చెవిలో చెప్తుంటే అందరూ నవ్వడం ఆపేసేక నేను నవ్వుతున్నాను. కొన్ని బూతు మాటలు కూడా వచ్చేయి, అవి నాకు నచ్చలేదు, అదీ చెప్పాలి. కానీ తరవాత ఒకటి చేసేడండి. వాళ్ళ నాన్న ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు తూచడం. ఆ స్టూలునే సూట్‌కేసు చేసుకుని, బాత్రూములో మనం బరువు చూసుకునే మెషీన్ ఉంటుంది కదా దాని మీద సూట్‌కేసుని చంటిపిల్లలా కావిలించుకుని ఎక్కుతాడు ఆయన, పొట్ట అడ్డొచ్చి కింద నంబరు కనపడదు, భార్యని చూడమంటాడు, ఆవిడ నంబరు చెప్పకుండా నువ్వు మళ్ళీ లావయ్యావు అంటుంది, ఈయన తన బరువు తీసేసి లెక్క కట్టి ఇంకా అరకేజీ ఉంది అనగానే ఆవిడ వెనకాల్నుంచి ఒక పచ్చడి పేకెట్టు. మళ్ళీ ఎక్కుతాడు. మళ్ళీ పేకెట్టు. దీనికి తర్జుమా ఎందుకండీ! నేను వెళ్ళేటప్పుడు మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది, ఆవకాయ జాడీ, ఆత్రేయపురం పూతరేకులు, సున్నుండలు, పెట్టికి ఇరవై మూడు కేజీలు దాటకూడదని మా తమ్ముడు మూడుసార్లు పెట్టి ఎత్తుకుని ఆ మెషీనెక్కేడు. నేను నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళు. నా పక్కన ఒక నల్లజాతి ఆవిడ, ఆవిడా నవ్వుతూనే తన పర్సులోంచి టిష్యూ తీసి నా చేతిలో పెట్టింది, ఒకరి మాట ఒకరికి సరిగ్గా అందకపోయినా చేతులు పట్టుకుని నవ్వుకున్నాం. అంత హాయిగా నవ్వి ఎన్నేళ్ళయిందో.

షో అయింది. బయటికి దారి ఒక్కటే, మళ్ళీ ఆ మెషీన్ల మధ్యలోంచే. మా ముందు వరసలో పగలబడి నవ్విన ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, గుమ్మం దాటి పది అడుగులు వేసేడో లేదో ఒక మెషీన్ ముందు కూర్చుండిపోయేడు. మొహం మీద నవ్వు ఇంకా ఉంది, చెయ్యి మాత్రం జేబులోకి వెళ్ళిపోయింది. అప్పుడు అర్థమయింది నాకు, ఈ హాలు ఇక్కడ ఎందుకు కట్టారో. గేలానికి వానపాము గుచ్చినట్టు ఆ గుజరాతీ అబ్బాయి నవ్వుని దీనికి గుచ్చేరు. అల్లుడుగారిని అడిగితే, అవునత్తయ్యగారూ, షోలు పెట్టేదే జనం ఇటు రావడానికి, వచ్చినవాళ్ళు వెంటనే పోకుండా ఉండడానికి అన్నారు.

ఇంటికొచ్చేక ఆయన్ని కూర్చోబెట్టి ఆ ఊరి కథంతా అడిగేను. ఒకప్పుడు బాగా వెలిగిన సముద్రపు ఊరట, తరవాత జనం రావడం తగ్గి చితికిపోతే, కేసినోలు పెడితే ఊరు బాగుపడుద్దని 1976లో ఓట్లు పెట్టి ఒప్పుకున్నారు, 1978లో మొదటిది తెరిచేరు. వాటి రాబడి మీద నూటికి ఎనిమిది పన్ను వేసి ముసలివాళ్ళకి, వికలాంగులకి ఖర్చు పెడతారట, ఆ మాట కూడా చెప్పకపోతే తప్పవుద్ది. అయినా చుట్టుపక్కల రాష్ట్రాలవాళ్ళు కూడా కేసినోలు తెరిచేసరికి ఇక్కడ బేరం తగ్గిపోయి 2014 ఒక్క ఏడాదిలోనే నాలుగు మూతబడ్డాయి. మన దగ్గర కూడా కొంతమంది అంటుంటారు కదా, దిండిలోనో అంతర్వేది దగ్గరో గోవాలాగా ఒకటి పెడితే టూరిజం పెరుగుద్ది అని. వాళ్ళు ఈ నాలుగింటి సంగతి తెలుసుకుని అప్పుడు మాట్లాడితే బాగుంటుంది.

గోవా అంటే గుర్తొచ్చింది. మా ఏరియా నుంచి చెరువులు పట్టేక, పంట అమ్మేక, బేచ్‌లు బేచ్‌లుగా గోవా వెళ్ళేవాళ్ళు నాకే చాలామంది తెలుసు. పణజిలో మాండవి నది మీద ఓడల్లో ఆడిస్తారు, 1996 నుంచి వాళ్ళ చట్టంలో దానికి వీలుంది. అడిగితే ఏమంటారంటే, ఆడలేదండీ, లోపల పాటలు, కామెడీ ప్రోగ్రాములు ఉంటాయి, భోజనం కూడా టికెట్‌లోనే, షో చూసొచ్చేం అంటారు. మా బంధువొకతను అలాగే షో చూసొచ్చి నెల తిరక్కుండా చేపల చెరువు లీజు ఎవరికో రాసిచ్చేసేడు. అతన్ని తిట్టబుద్ధి కాలేదు నాకు. మా నాన్నగారే గుర్తొచ్చేరు.

మన రాష్ట్రంలో 1974 నుంచీ జూదానికి చట్టం ఉంది, 2020లో ఆన్‌లైన్ ఆటలు కూడా అందులోకి తెచ్చేరు. ఉంటే ఉంది గానీ భోగి, సంక్రాంతి, కనుమ ఆ మూడ్రోజులు బరుల దగ్గర ఏం జరుగుద్దో ఎవరికి తెలీదు? లైట్లు, టెంట్లు, పెద్ద పెద్ద ఎల్ఈడీ తెరలు, పక్కనే గుండాట, లోన పేక, ఇంకో పక్క రికార్డింగ్ డాన్సు. ఆడనివాళ్ళు కూడా ఎందుకెళ్తారంటే పండగ పూట సందడి అక్కడే ఉంది, ఇంకెక్కడా లేదు. నా బాధంతా ఇదేనండి. సరదా అనేది జూదం పక్కనే దొరుకుతుంటే సరదా కోసం వెళ్ళే కుర్రాడు జూదం దగ్గర ఆగక ఏంచేస్తాడు?

ఎప్పుడూ ఇలా లేదు. చిన్నప్పుడు క్షీరారామం గుడి దగ్గర చాపేసుకుని బుర్రకథ విన్నదాన్ని నేను. మధ్యలో తంబూరాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, అందులో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఆ హాస్యం చెప్పేవాడు బొబ్బిలి యుద్ధం మధ్యలో టక్కున ఆగి మా ఊరి కిరసనాయిలు క్యూ మీద ఒక మాట విసిరితే, క్యూలో నిలబడొచ్చిన ఆడవాళ్ళే ముందు నవ్వేవారు. అది స్టాండప్ కాక మరేంటి? తోలుబొమ్మల్లో కేతిగాడు, బంగారక్క ఉండేవారు. అల్లు రామలింగయ్య గారిది మా పాలకొల్లే, 1990లో పద్మశ్రీ ఇచ్చేరు, అంతకు ముందే 1970లో రేలంగి గారికొచ్చింది, ఆయనా గోదావరి మనిషే. కాకినాడలో యంగ్ మెన్స్ హేపీ క్లబ్ అని ఉండేది, ఎస్వీ రంగారావు గారు, అంజలీదేవి గారు, రేలంగి గారు అక్కడ నాటకాలాడినవాళ్ళే. అప్పుడు క్లబ్బు అంటే అది. మా నాన్నగారి రోజుల్లో మా ఊళ్ళో క్లబ్బు అంటే పేక, ఇప్పుడూ అంతే.

మా వీధిలో ఒకబ్బాయుంటాడు, నా దగ్గరే చదువుకున్నాడు, వాడికీ స్టాండప్ పిచ్చి. శనివారం నర్సాపురం నుంచొచ్చే బండెక్కి హైదరాబాదెళ్ళి అక్కడేదో కెఫేలో ఓపెన్ మైక్ అని, కొత్తవాళ్ళెవరైనా ఎక్కి మాట్లాడొచ్చట, అయిదు నిమిషాలు మాట్లాడి సోమవారం పొద్దున్నకి తిరిగొస్తాడు. అయిదు నిమిషాల కోసం రెండు రాత్రుల ప్రయాణం! పోయినేడాది పండక్కి ఒక కమిటీవాళ్ళ దగ్గరికెళ్ళి నాకో అరగంట ఇవ్వండి డబ్బులక్కర్లేదు అని అడిగితే, ఒక్కడు నిలబడి మాట్లాడితే ఎవరు చూస్తారమ్మా, డాన్సులుంటేనే జనం అన్నారట. ఒక్కడు నిలబడి గంటన్నర మాట్లాడితే హాలు నిండా జనం కదలకుండా కూర్చోవడం నేను కళ్ళారా చూసొచ్చేను. పైగా గోదావరి వాళ్ళకి వెటకారం నేర్పాలా ఎవరన్నా? రేవులో, టీ కొట్లో, రైసుమిల్లు అరుగు మీద పొద్దున్నే మొదలవుద్ది. కులం మీదో మతం మీదో ఏదో అంటాడు గొడవలవుతాయి అని కొంతమంది భయపడతారు, ఆ భయం తీసిపారెయ్యను, కానీ ఊరివాడు ఊరివాళ్ళ ముందు మాట్లాడేటప్పుడు రేపు మళ్ళీ అదే వీధిలో తిరగాలి కాబట్టి ఎవరి మనసూ విరక్కుండా ఎలా అనాలో వాడికే బాగా తెలుస్తుంది.

అందుకని మీ పేపరు ద్వారా నేను అడిగేది నాటక పరిషత్తుల పెద్దల్ని, గుడి ఉత్సవ కమిటీల్ని, కాలేజీల వాళ్ళని. రెండు నాటికల మధ్యలో సెట్టింగు మార్చేటప్పుడు ఎలాగూ తెర దించి పావుగంట ఖాళీగా ఉంచుతారు, ఆ పావుగంట ఒక కుర్రాడికో అమ్మాయికో ఇవ్వండి. మైకు మీ దగ్గర ఉన్నదే, స్టూలు ఏ ఇంట్లోనైనా ఉంటుంది. చంటిపిల్ల తల్లి దగ్గర్నుంచి తొంభై ఏళ్ళ తాతగారి దాకా అందరూ వచ్చే చోట పెట్టండి, పిల్లల్ని బయట వదిలేసి రావాల్సిన చోట కాదు.

మా ఇంటి డాబా మీద ఎనభై కుర్చీలు పడతాయి, కొలిచి చూసుకున్నాను. కనుమ నాడు సాయంత్రం ఆరింటికి ఆ అబ్బాయి మాట్లాడతాడు, వాడి ఫ్రెండొకమ్మాయి భీమవరం నుంచి వస్తానంది, ఆ అమ్మాయి కూడా. మైకుసెట్టు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. మెట్ల దగ్గర ఫోన్లు ఒక బుట్టలో పెట్టేసి పైకి రావాలి, గారెలు, టీ నేను చేస్తాను. టికెట్టేం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.