సెర్న్ గురించి రాసేటప్పుడు మన ఈసీఈ పిల్లల్ని మర్చిపోకండి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో సెర్న్ (జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధన కేంద్రం) మీద వచ్చిన వ్యాసం చదివాను. 27 కిలోమీటర్ల సొరంగం, 2012 జులై 4న హిగ్స్ కణం ప్రకటన, విశ్వం పుట్టుక, అన్నీ బాగానే రాశారు. కానీ ప్రోటాన్లు ఢీకొన్నాయి, శాస్త్రవేత్తలు కొత్త కణాన్ని కనిపెట్టారు అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ రెండింటికీ మధ్య జరిగేదంతా ఎలక్ట్రానిక్స్ పని, డిటెక్టర్ సిగ్నళ్ళని పట్టి డేటాగా మార్చే ఆ పనినే డేటా అక్విజిషన్ అంటారు, ఆ రంగంలో వాళ్ళు పొట్టిగా డాక్ అనేస్తారు. నేను గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ పాఠాలు చెబుతాను. ఆ మధ్య భాగాన్ని ఎవరూ రాయకపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది, మన పిల్లలు చేయగలిగిన పని సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి.

ఆ సొరంగంలోని ఎల్‌హెచ్‌సీ అనే యంత్రంలో ప్రోటాన్ల గుంపులు 25 నానోసెకన్లకు ఒకసారి ఎదురుపడతాయి, అంటే సెకనుకి 4 కోట్ల సార్లు. 25 నానోసెకన్లలో కాంతి పోయేది ఏడున్నర మీటర్లే. ఢీకొన్న చోట పుట్టే కణాల్ని పట్టే అట్లాస్ డిటెక్టర్ పొడవేమో 46 మీటర్లు. కాబట్టి ఒకసారి ఢీకొన్నప్పుడు పుట్టిన కణాలు ఇంకా డిటెక్టర్ దాటకముందే తర్వాతి గుంపులు, ఆ తర్వాతివి కూడా ఢీకొనేస్తుంటాయి. ఏ పల్స్ ఎప్పటిదో తేల్చాలంటే డిటెక్టర్ నుంచి సిగ్నళ్ళు తెచ్చే కోట్ల ఛానళ్ళు ఒకే గడియారానికి కట్టుబడి నడవాలి. ఒక్కో ఈవెంట్ (గుంపులు ఒకసారి ఎదురుపడడం) డేటా సుమారు 1 మెగాబైట్ అనుకున్నా సెకనుకి 40 టెరాబైట్లు అవుతుంది. అదంతా దాచడం ఎవరివల్లా కాదు, చాలా భాగం అక్కడికక్కడే పారెయ్యాల్సిందే. హిగ్స్ లాంటిది సుమారు వంద కోట్ల తాకిళ్ళకు ఒకటి పుడుతుంది, పారేసిన దాంట్లో అది పోయిందంటే పోయినట్టే, మళ్ళీ తెచ్చుకోలేం.

ఇక ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చే ట్రిగ్గర్ సంగతి. మన మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీ (బస్తా) మొత్తం కుమ్మరించి చూడడు, చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి రంగు, ఆరుదల చూసి ధర చెప్పేస్తాడు. లెవెల్-1 ట్రిగ్గర్ చేసేదీ అదే. కణాల శక్తిని కొలిచే క్యాలరీమీటర్ల నుంచి, మ్యూవాన్లని (ఎలక్ట్రాన్ లాంటివే, బరువెక్కువ) పట్టే మ్యూవాన్ ఛాంబర్ల నుంచి వచ్చే ముతక సమాచారం మాత్రమే చూసి ఈ ఈవెంట్ ఉంచాలా వద్దా చెబుతుంది, మనిషి ప్రమేయం ఏమీ లేకుండా, ఎఫ్‌పీజీఏలు (లోపలి లాజిక్‌ని మనకి కావాల్సినట్టు మార్చుకోగల చిప్పులు), ఇందుకోసమే తయారు చేసిన చిప్పులు కలిసి. అట్లాస్‌లో దానికి ఇచ్చిన గడువు 2.5 మైక్రోసెకన్లు, కేబుల్‌లో సిగ్నల్ పోయి వచ్చే టైమ్ కూడా అందులోదే. ఆ నిర్ణయం వచ్చేలోగా గుంపులు ఇంకో 100 సార్లు ఎదురుపడతాయి కదా, ఆ 100 ఈవెంట్ల పూర్తి డేటా డిటెక్టర్ మీదున్న చిప్పుల్లో, పైప్‌లైన్ మెమరీలో, వరుస తప్పకుండా ఎదురుచూస్తూ ఉండాలి. ఇలా 4 కోట్లు కాస్తా సెకనుకి లక్షకు దిగుతాయి. తర్వాత వేల ప్రాసెసర్లున్న కంప్యూటర్ ఫార్మ్ వాటిని తీరిగ్గా చూసి సెకనుకి వెయ్యికి, మహా అయితే కొన్ని వేలకు దించుతుంది. తీరిగ్గా అంటే సెకనులో కొంత భాగం, అంతే.

ఇందులో మా పిల్లలకి తెలియనిదేమీ లేదండీ. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో ఫిఫో (ముందొచ్చింది ముందు బయటికెళ్ళే క్యూ లాంటి మెమరీ) డెప్త్ ఎంత ఉండాలి అని అడుగుతారు, ఫార్ములా బట్టీ పట్టి చెప్పేస్తారు, అది ఎందుకు కావాలో మాత్రం ఎవరూ చెప్పరు. ట్రిగ్గర్లు సగటున సెకనుకి లక్ష వస్తున్నాయి, ఒక్కో ఈవెంట్ చదవడానికి 10 మైక్రోసెకన్లు పడుతుంది అనుకోండి, లెక్క సరిపోయిందనిపిస్తుంది. కానీ ట్రిగ్గర్లు ఒకే ఎడంతో రావు, ఒక్కోసారి రెండు మూడు వెంటవెంటనే వచ్చి పడతాయి, ముందు బఫర్ లేకపోతే సగం ఈవెంట్లు పోతాయి. ఆ చదివే పని, అంటే రీడౌట్, వేగం కాస్త పెంచి, కొన్ని ఈవెంట్లు పట్టే ఫిఫో ముందు పెడితే నష్టం చాలావరకు తగ్గిపోతుంది. అలాగే డిటెక్టర్ దగ్గర రేడియేషన్ తగిలి మెమరీలో బిట్లు తిరగబడతాయి, అందుకే ముఖ్యమైన లాజిక్‌ని మూడేసి కాపీలు పెట్టి ఎక్కువ కాపీలు ఏది చెబితే అది తీసుకుంటారు. ఇదంతా మూడో సంవత్సరం సిలబస్‌కి దగ్గరలోనే ఉంది. రంగం కూడా వేగంగా మారుతోంది, అదే యంత్రం మీద నడిచే ఎల్‌హెచ్‌సీబీ అనే ప్రయోగంలో 2022లో మొదలైన విడతకి హార్డ్‌వేర్ ట్రిగ్గర్‌నే తీసేశారు, సెకనుకి దాదాపు 4 టెరాబైట్లు నేరుగా బయటికి లాగి జీపీయూలతో (గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో) వడపోస్తున్నారు. కాబట్టి సీఎస్‌ఈ వాళ్ళకీ పనుంది.

మనవాళ్ళు చేయలేదా అంటే చేశారు. సెర్న్‌లోనే అలీస్ అనే ప్రయోగంలో మ్యూవాన్ ఛాంబర్ల సిగ్నళ్ళు చదివే మానస్ చిప్‌ని కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు డిజైన్ చేస్తే చండీగఢ్ పక్కనున్న మొహాలీలో తయారైంది. సెర్న్ డేటాను పంచుకునే ప్రపంచ కంప్యూటర్ గ్రిడ్‌లో ముంబయి టీఐఎఫ్ఆర్, కోల్‌కతా వీఈసీసీ అనే పరిశోధన సంస్థల కేంద్రాలున్నాయి. 2017లో మన దేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యత్వం తీసుకుంది. దాంతో మన కంపెనీలు అక్కడి కాంట్రాక్టులకు టెండర్లు వేయొచ్చు, మన పిల్లలు అక్కడి స్టూడెంట్ ప్రోగ్రాములకి దరఖాస్తు చేసుకోవచ్చు. మంగళగిరి నుంచి గుంటూరు దాకా ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయే, ఈ మాట ఎంతమంది విద్యార్థులకి చేరింది?

మా దగ్గర ఫైనలియర్ ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో అందరికీ తెలుసు. డబ్బులిస్తే రిపోర్టుతో సహా రెడీమేడ్‌గా చేతిలో పెడతారు, పిల్లలూ టెన్షన్ లేకుండా అదే తెచ్చి చూపిస్తారు. దాని బదులు ఒక మ్యూవాన్ డిటెక్టర్ కట్టించండి. ఆకాశం నుంచి మ్యూవాన్లు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి, చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒకటి చొప్పున, యాక్సిలరేటర్ అక్కర్లేదు. కణం తగిలితే మెరిసే సింటిలేటర్ ముక్కలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్కోదానికి ఆ మెరుపుని పల్స్‌గా మార్చే సిలికాన్ ఫోటోమల్టిప్లయర్, తగినంత పెద్ద పల్స్‌నే దాటనిచ్చే కంపారేటర్ తగిలించి, రెండింట్లో ఒకేసారి పల్స్ వస్తేనే లెక్కపెట్టమని ఎఫ్‌పీజీఏ బోర్డుకి చెబితే సరి, అదే ట్రిగ్గర్. కాస్త పెద్ద సింటిలేటర్ దొరికితే అందులో ఆగిపోయిన మ్యూవాన్ ఎంతసేపటికి విచ్ఛిన్నమైందో కూడా కొలవొచ్చు. సగటు జీవితకాలం 2.2 మైక్రోసెకన్లు, ల్యాబుల్లో ఉన్న 50 మెగాహెర్ట్జ్ బోర్డు 20 నానోసెకన్ల తేడాని పట్టుకుంటుంది, అది చాలు. వెరిలాగ్ (చిప్ లాజిక్ రాసే భాష) ల్యాబులో రాసి పక్కన పడేసే కౌంటర్ ప్రోగ్రామే ఇక్కడ ప్రకృతిలోని ఒక విలువని కొలిచి చూపిస్తుంది. డిటెక్టర్ కొనలేని చోట సెర్న్‌లోని మరో ప్రయోగం సీఎంఎస్ వాళ్ళు 2014 నుంచి ఉచితంగా పెడుతున్న ఓపెన్ డేటాతో మొదలుపెట్టొచ్చు, ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

కాలేజీ యాజమాన్యాలకి నా మనవి ఒకటే, ఒక్క బ్యాచ్‌కైనా ఈ ప్రాజెక్టు ఇచ్చి చూడండి. మీ పత్రికకి రెండు. సెర్న్ మీద మళ్ళీ రాసినప్పుడు రీడౌట్ గురించి అర పేజీ ఇవ్వండి. అక్కడి సమ్మర్ స్టూడెంట్, టెక్నికల్ స్టూడెంట్ ప్రోగ్రాముల ప్రకటనలు ఏటా వస్తాయి, వాటిని గడువుకి కనీసం నెల ముందు విద్యా పేజీలో గేట్, బ్యాంకు నోటిఫికేషన్ల పక్కనే వేయండి. సిఫార్సు ఉత్తరాలు తెచ్చుకోవడానికే పిల్లలకి రెండు మూడు వారాలు పడుతుంది.

ఇట్లు,
ఒక ఈసీఈ అధ్యాపకుడు, గుంటూరు